చనిపోయే కణం డీఎన్ఏను ఎక్కడ కోస్తుంది?

అపాప్టోసిస్‌తో, అంటే తనను తానే పద్ధతిగా అంతం చేసుకుంటూ చనిపోతున్న కణాల డీఎన్ఏను, ముక్కలను పొడవును బట్టి విడదీసే 2 శాతం అగరోజ్ జెల్ మీద నడిపితే నిచ్చెన మెట్లలా గీతలు వస్తాయి. మొదటి మెట్టు సుమారు 180 బేస్ జతల (డీఎన్ఏ పొడవుకు కొలమానం) దగ్గర, తర్వాత 360, 540 దగ్గర. గాయంతోనో విషంతోనో చితికిపోయిన కణాలదైతే మెట్లు ఉండవు, పొడవునా అలుక్కుపోయిన మరకే.

కేంద్రకంలో డీఎన్ఏ ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్ల ముద్ద చుట్టూ 147 బేస్ జతల మేర చుట్టుకుని ఉంటుంది. ముద్దకూ ముద్దకూ మధ్య కొద్ది భాగమే ఖాళీగా దొరుకుతుంది. కోసే ఎంజైము క్యాడ్‌కు చిక్కేది అదే. ఈ ఎంజైమును 1998లో జపాన్‌లో షిగెకజు నగాటా బృందం గుర్తించింది. రెండు క్యాడ్ అణువులు జతకడితే మధ్యలో లోతైన ఇరుకు సందు ఏర్పడుతుంది. హిస్టోన్ల మీది డీఎన్ఏ అందులో పట్టదు. అందుకే ముక్కలు ఒక ముద్ద, రెండు ముద్దలు, మూడు ముద్దల పొడవుల్లో తెగి జెల్ మీద మెట్లవుతాయి.

మరి ఇంత ప్రమాదకరమైన ఎంజైమును బతికున్న కణం ఎలా భరిస్తుంది? క్యాడ్ తయారవుతుండగానే ఐక్యాడ్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఐక్యాడ్ ఆసరా లేకుండా క్యాడ్ సరిగా మడతే పడదు. అంటే కాపలా లేకుండా పుట్టిన క్యాడ్ ఎందుకూ కొరగాదు. చావు ఖాయమయ్యాక ప్రోటీన్లను కోసే ఎంజైము కేస్పేజ్-3 ఐక్యాడ్‌ను రెండు చోట్ల తెంపుతుంది, క్యాడ్ విడుదలవుతుంది.

జెల్‌ను గుడ్డిగా నమ్మకూడదు. ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల్లో కేస్పేజ్-3 లేదు. అవి అపాప్టోసిస్‌తోనే చనిపోయినా నిచ్చెన రాదు. ఆర్ఎన్ఏను తొలగించకపోతే జెల్ అడుగున మరక పడి చిన్న మెట్లను కప్పేస్తుంది. చనిపోయే కణాలు కొద్దిగానే ఉంటే గీతలు అసలు కనిపించకపోవచ్చు. తెగిన కొసలకు రంగు అంటించే ట్యూనెల్ పరీక్షకూ చిక్కుంది: చితికి చచ్చిన కణాలూ అందులో వెలుగుతాయి.

విచిత్రమేమిటంటే, క్యాడ్ పనిచేయని ఎలుకలు మామూలుగానే బతుకుతాయి. చనిపోయిన కణాలను మింగే మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు, తమ లైసోజోమ్‌లలోని (మింగినదాన్ని అరిగించే సంచుల్లోని) ఆమ్లంలో పనిచేసే డీఎన్ఏజ్-2 అనే మరో డీఎన్ఏ కోత ఎంజైముతో మిగతా పని కానిచ్చేస్తాయి. అసలు ముప్పు ఆ రెండో ఎంజైము లేనప్పుడే. పిండం కాలేయంలో ఎర్రరక్తకణాలు తయారయ్యేటప్పుడు బయటికి నెట్టేసిన కేంద్రకాలను మాక్రోఫేజ్‌లు మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. అరగని డీఎన్ఏ వల్ల ఇంటర్ఫెరాన్-బీటా అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్ విడుదలై, తీవ్రమైన రక్తహీనతతో పిండాలు పుట్టకముందే చనిపోతాయి. ఇంటర్ఫెరాన్ గ్రాహకాన్ని కూడా తీసేస్తే ఎలుకలు బతికాయి. అయితే పెద్దయ్యాక వాటికి కీళ్లవాపు వచ్చింది.