తొలి గెలాక్సీల్లో అంత పెద్ద కృష్ణబిలాలా? లెక్క ఎక్కడ తేలట్లేదంటే

1963లో ఖగోళ శాస్త్రజ్ఞుడు మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే వెలుగు చుక్క వర్ణపటాన్ని పరిశీలించి, అందులో హైడ్రోజన్ గీతలు 16 శాతం ఎరుపు వైపు జరిగి ఉన్నాయని కనిపెట్టారు. గీతలు ఎరుపు వైపు ఎంత జరిగితే దూరం అంత ఎక్కువ. చూపుకి నక్షత్రంలా ఉన్న ఆ చుక్క వెలుగు మనల్ని చేరడానికి 200 కోట్ల ఏళ్లకు పైనే పట్టిందన్నమాట. అంత దూరంలో ఉండి కూడా అంతలా వెలుగుతోందంటే, మహా కృష్ణబిలంలోకి పడే వాయువు వేడెక్కడం తప్ప మరో వివరణ నిలబడలేదు. ఇలాంటివే క్వేసార్లు.

అసలు చిక్కు 2000 నాటికి మొదలైంది. చుట్టుపక్కల గెలాక్సీలను హబుల్ టెలిస్కోపుతో కొలిస్తే, నడిమి ఉబ్బులోని నక్షత్రాల బరువులో కృష్ణబిలం వాటా వెయ్యింట ఒకటి నుంచి అయిదు వంతులని తేలింది. ఉబ్బు పెద్దదైతే బిలమూ పెద్దదే. బిలం గురుత్వం పనిచేసేదేమో గెలాక్సీ నడుమ ఓ చిన్న చోటే! మరి ఈ లంకె ఎలా కుదిరింది? రెండూ కలిసి పెరిగాయా, ఒకటి ముందు పెరిగిందా?

తొలి గెలాక్సీలను చూస్తే తెలియాలి. కానీ అక్కడ కాలం చాలడం లేదు. బిలం తినేకొద్దీ వెలుగు పెరుగుతుంది, ఆ వెలుగే వచ్చే వాయువును వెనక్కి నెడుతుంది. ఈ హద్దే ఎడింగ్టన్ పరిమితి. హద్దు దాటకుండా, ఎడతెగకుండా తిన్నా బరువు రెట్టింపు కావడానికి సుమారు 3.5 కోట్ల ఏళ్లు కావాలి. చక్రవడ్డీ లెక్కే ఇది. నక్షత్రం కూలి మిగిల్చిన, 100 సూర్యుల బరువున్న విత్తన బిలం 80 కోట్ల సూర్యులంత కావాలంటే 23 సార్లు రెట్టింపవ్వాలి, అంటే 80 కోట్ల ఏళ్లు. 2017లో ప్రకటించిన జే1342+0928 క్వేసార్‌లో ఉన్నది అంత బిలమే, కానీ అప్పటికి విశ్వం వయసు 69 కోట్ల ఏళ్లే. అందుకే భారీ వాయుమేఘం నక్షత్రాలుగా చీలకుండా నేరుగా కూలి పెద్ద విత్తనమైందన్న వాదన బలపడింది. అప్పుడప్పుడు హద్దు మీరి తిని ఉంటుందన్నది రెండో వాదన.

గెలాక్సీని తూచడం ఇంకా కష్టం. క్వేసార్ వెలుగులో చుట్టూ ఉన్న నక్షత్రాలు మునిగిపోతాయి. అంత దూరపు వాటిలో హబుల్‌కు అవి చిక్కలేదు. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులకు చల్లటి వాయువు మాత్రం దొరికింది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాలతో జే2236+0032 అనే క్వేసార్ చుట్టూ ఉన్న నక్షత్రాలను వేరుచేసి చూడగలిగారు. టెలిస్కోపు ఒక్క చుక్కను ఎలా పరుస్తుందో మామూలు నక్షత్రాల బింబాలతో నమూనా కట్టి, దాన్ని క్వేసార్ మీంచి తీసివేశారు. నమూనా కాస్త తప్పినా మిగిలిన మచ్చే గెలాక్సీ అనిపిస్తుంది. మిగిలింది 13,000 కోట్ల సూర్యుల బరువున్న గెలాక్సీ. బిలం బరువు 140 కోట్ల సూర్యులు, అంటే నూటికి ఒక వంతు. ఇప్పటి వాటాకు మరీ దూరమేం కాదు.

అయితే తొలి విశ్వంలో వెబ్‌కు కనబడుతున్న, ‘చిన్న ఎర్ర చుక్కలు’ అని పిలిచే చిన్నపాటి ఎర్రటి వెలుగుల్లో బిలం వాటా ఇంతకంటే చాలా ఎక్కువ వస్తోంది. అక్కడ బిలాన్ని తూచేది హైడ్రోజన్ గీత వెడల్పుతో: వాయువు ఎంత వేగంగా తిరిగితే గీత అంత వెడల్పు. చుట్టూ దట్టమైన వాయువుంటే ఎలక్ట్రాన్లు వెలుగును చెదరగొట్టి గీతను ఊరికే వెడల్పు చేస్తాయి, బరువు లేనిపోని రెట్లు పెరిగిపోతుంది. అందుకే ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు వెనకున్న ఓ చుక్కలో వాయువు తిరిగే వేగాన్ని దూరం వారీగా నేరుగా కొలిచారు. 2025లో వచ్చిన ఆ లెక్కలో బిలం 5 కోట్ల సూర్యులు. చుట్టూ ఉన్న నక్షత్రాలన్నీ కలిపినా అందులో సగానికి మించవు.