ఏబీఎస్ లైటు వెలిగితే యూనిట్ పోయినట్టేనా? పికప్ బ్రేకులపై అపోహలు – వాస్తవాలు

తోతాపురి కోతలు మొదలయ్యాయంటే దామలచెరువు, బంగారుపాళ్యం వైపు తిరిగే పికప్‌లకు తీరిక ఉండదు. తిరుపతిలో మా షాపుకు ఆ రోజుల్లో వచ్చే డ్రైవర్ల నోట ఒకే మాట పదే పదే వింటాను. "అన్నా, ఏబీఎస్ లైటు ఆరడం లేదు. యూనిట్ పోయిందట, మార్చాలట." ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేసి జారకుండా చూసే ఏర్పాటు, యూనిట్ అంటే దాన్ని నడిపే పెట్టె. ఎవరు చెప్పారని అడిగితే లోడింగ్ దగ్గర ఇంకో డ్రైవర్ అంటారు. చక్రం దగ్గర వైరు చూశారా అంటే ఎవరూ చూడలేదు. బండి కిందకు దూరి చూడకుండానే అంత ఖరీదైన సామాను మార్చమని చెప్పేవాళ్ల మీద నాకు నిజంగానే కోపం వస్తుంది. ఆ మాట నమ్మినవాళ్లు అప్పు చేసి మరీ మారుస్తున్నారు. లైటు మాత్రం వారానికే మళ్లీ వెలుగుతోంది.

అపోహ: లైటు వెలిగితే యూనిట్ పోయినట్టే.

వాస్తవం: యూనిట్‌ను అన్నిటికంటే చివర అనుమానించాలి. తాళం తిప్పగానే ఏబీఎస్ తనను తాను పరీక్షించుకుంటుంది. అందుకే లైటు కొద్ది సెకన్లు వెలిగి ఆరిపోతుంది. ఆరలేదంటే దానికి అందాల్సిన సమాచారం ఏదో సరిగా అందడం లేదు. ఆ సమాచారంలో ముఖ్యమైనది చక్రాల దగ్గరి సెన్సర్లు పంపే వేగం. బానెట్ కింద పైన బిగించి ఉండే యూనిట్ కంటే, బురదలో, నీళ్లలో, రాళ్ల దెబ్బలు తింటూ తిరిగే సెన్సర్, దాని వైరే ముందు పాడవుతాయి. తోటల్లోకి మట్టిదారుల్లో వెళ్లే పికప్‌కు ఈ బాధ మరీ ఎక్కువ. బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా, ఒక చక్రానికి వేరే సైజు టైరు వేసినా ఈ లైటు వెలగవచ్చు.

బండిలోని లోపాలను చదివే స్కానర్ పెట్టగానే "కుడి ముందు చక్రం సెన్సర్" అని కోడ్ వస్తే వెంటనే సెన్సర్ కొనేయడం కూడా తొందరపాటే. ఆ చక్రం నుంచి సంకేతం సరిగా రావడం లేదని మాత్రమే కోడ్ చెబుతుంది. కనెక్టర్‌లో పచ్చటి చిలుము పట్టి ఉండవచ్చు, టోన్ రింగ్ (చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగ్, సెన్సర్ వేగాన్ని దీన్నుంచే చదువుతుంది) పగిలి ఉండవచ్చు, బేరింగ్‌లో ఆట వచ్చి సెన్సర్‌కూ రింగ్‌కూ మధ్య సందు పెరిగి ఉండవచ్చు. ఆ సందు మామూలుగా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అది కొంచెం పెరిగినా సంకేతం బలహీనపడుతుంది.

పాత రకం కాయిల్ సెన్సర్ అయితే మల్టీమీటర్‌తోనే చాలా తెలుస్తుంది. చాలా బళ్లలో సుమారు 1,000 నుంచి 2,000 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది, చక్రాన్ని చేత్తో తిప్పితే కొద్దిపాటి ఏసీ వోల్టేజీ వస్తుంది. కొత్త రకం సెన్సర్‌లో ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది. దాన్ని ఓమ్ మీటర్‌తో పరీక్షించకూడదు. దానికి సప్లై వస్తోందో లేదో చూసి, స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలనూ పక్కపక్కన పెట్టుకుని బండి మెల్లగా నడపాలి. మూడు చక్రాలు పది చూపిస్తుంటే ఒకటి సున్నాకు పడిపోయిందంటే వెతకాల్సిన చోటు తెలిసిపోయినట్టే.

మదనపల్లె నుంచి టమాటా తెచ్చే ఒకాయన బండికి భాకరాపేట ఘాట్‌లో మాత్రమే లైటు వెలిగేది. కిందికి దిగి ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆరిపోయేది. రెండు చోట్ల యూనిట్ మార్చాలన్నారు. మండీలో అడ్వాన్సు తీసుకుని డబ్బు సిద్ధం చేసుకునే వచ్చాడు. రాత్రిపూట ఆ మలుపుల్లో లైటు వెలిగితే కాళ్లు వణుకుతున్నాయని, తను చేరినట్టు ఫోను వచ్చేదాకా ఇంట్లో వాళ్లు నిద్రపోవడం లేదని చెప్పాడు. తిన్నటి రోడ్డు మీద రాని లోపం ఘాట్‌లోనే ఎందుకు వస్తోంది? బండిని జాకీ మీద లేపి, కుడి ముందు సెన్సర్ వైరుకు మీటర్ తగిలించి, స్టీరింగ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాం. రీడింగ్ పోయింది. నేరుగా పెట్టగానే తిరిగి వచ్చింది. వైరు పై తొడుగుకు ఏమీ కాలేదు, లోపలి రాగి తీగ తెగి ఉంది. అంతకుముందు సస్పెన్షన్ పని చేసినవాళ్లు వైరు క్లిప్పు పెట్టకుండా వదిలేశారు. పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అది లాగుకుపోయింది. అలా వంగే చోట అతుకు నిలవదు కాబట్టి వైరుతో సహా సెన్సర్ మార్చి, క్లిప్పు బిగించాం. యూనిట్‌ను ముట్టుకోలేదు. అడ్వాన్సు చాలావరకు తిరిగి కట్టేశాడు.

లైటు వెలగకుండానే ఇబ్బంది పెట్టే లోపం ఇంకొకటుంది. బండి ఆగబోతుండగా, నడక వేగంలో పెడల్ గడగడమని కొట్టుకుంటుంది. సెన్సర్ కూర్చునే చోటో, రింగ్ కిందో తుప్పు పేరుకుని సందు మారితే ఇలా జరుగుతుంది. చక్రం జారుతోందని ఏబీఎస్ పొరబడుతుంది. శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే పెడల్ కొట్టుకుంటే అది లోపం కాదు, ఏబీఎస్ తన పని చేస్తోంది. కాలు తీయకండి, పంపు కొట్టకండి, గట్టిగా తొక్కి ఉంచి స్టీరింగ్ తిప్పండి.

ఏబీఎస్ ఫ్యూజు తీసేస్తే బ్రేకు బాగా పడుతుందన్న మాట కూడా తిరుగుతోంది. దయచేసి వినకండి. ఖాళీ పికప్‌కు వెనక బరువు ఉండదు, వెనక చక్రాలే ముందు పట్టేస్తాయి, బండి అడ్డం తిరుగుతుంది. అమెరికాలో 1987లో ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్‌లకు వెనక చక్రాలకు మాత్రమే ఏబీఎస్ పెట్టింది ఇందుకే.

ఏబీఎస్ ఉంటే ఎక్కడైనా తక్కువ దూరంలో ఆగుతుందనుకోవడమూ తప్పే. ఇసుక, కంకర మీద ఇంకొంచెం ముందుకే పోవచ్చు. ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే వేడెక్కిన బ్రేకును ఏబీఎస్ కాపాడలేదు. గేరు తగ్గించి దిగాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగవచ్చు. రెండేళ్లకోసారి మార్పించండి.

ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది. భయపడకుండా, వేగం తగ్గించుకుని షాపుకు రావచ్చు. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే, హ్యాండ్ బ్రేక్ వేసి లేదని చూసుకుని, బండిని పక్కకు ఆపి ఆయిల్ మట్టం చూడండి. ఆ బండితో ఘాట్ దిగవద్దు.

వచ్చే ముందు కొన్ని గమనించి చెప్పండి: లైటు ఏ వేగంలో వెలిగింది, మలుపులోనా, గతుకులోనా, వాన తర్వాతా, వాటర్ సర్వీసు తర్వాతా. ఈ మధ్య బేరింగ్, టైరు, సస్పెన్షన్ పని ఏది జరిగినా అదీ చెప్పండి, ముందు అక్కడే చూస్తాను.