తక్కువ బడ్జెట్‌లో గట్టి మౌంటెన్ బైక్: అపోహలు – వాస్తవాలు

తక్కువ డబ్బుతో మౌంటెన్ బైక్ కొనేవాళ్ళ చూపు ముందు షాకుల మీద, డిస్కుల మీద, గేర్ల లెక్క మీద పడుతుంది. సైకిల్ మొరాయించేది మాత్రం ఎక్కువగా వెనక హబ్ (చక్రం నడిమి భాగం), రిమ్ములు, క్రాంకుల (పెడల్స్ బిగించే చేతుల) దగ్గర. తయారీలో ఖర్చు మిగిల్చేదీ అక్కడే, ఎందుకంటే అవి కంటికి ఆనవు.

అపోహ: ముందూ వెనకా షాకులుంటే ఎగుడుదిగుడు దారిని బాగా తట్టుకుంటుంది.

ఈ స్థాయి సైకిళ్ళలో వెనక షాక్ అంటే సాధారణంగా వట్టి స్ప్రింగే. నొక్కుకున్న స్ప్రింగును నెమ్మదిగా వెనక్కి వదిలే డ్యాంపింగ్ ఉండదు. గతుకు తగలగానే చక్రం ఎగిరి నేలను వదిలేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కిన బలంలో కొంత స్ప్రింగును ఊపడానికే సరిపోతుంది. కీళ్ళలో బుష్‌లు అరిగితే వెనక చక్రం పక్కలకు ఊగుతుంది, ఆ కొలత బుష్ విడిగా దొరకడమూ కష్టమే.

వెనక షాక్ లేని ఫ్రేమ్ తీసుకోండి. ముందు కూడా షాక్ లేని ఫోర్క్ దొరికితే మరీ మంచిది. బరువు కిలోకు పైగా తగ్గుతుంది, అరిగే సీళ్ళూ ఉండవు. కుదుపు తగ్గించే పని లావుపాటి టైరే చేస్తుంది. ట్యూబున్న 2.2 అంగుళాల టైరుకు 70 కిలోల మనిషైతే 30 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టండి. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

అపోహ: 9 గేర్ల కన్నా 21 గేర్లు మేలు.

లెక్క చూడండి. 21 గేర్ల సైకిల్‌కు తరచుగా ముందు 24, 34, 42 పళ్ళ చైన్ వీల్స్, వెనక 14 నుంచి 28 పళ్ళు ఉంటాయి. అన్నిటికన్నా తేలిక గేరులో (24/28) పెడల్ ఒక చుట్టుకు చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది, బరువు గేరులో (42/14) 3 చుట్లు. ముందు ఒకే 32 పళ్ళ చైన్ వీల్, వెనక 11–42 పళ్ళ 9 గేర్లుంటే ఆ అంకెలు 0.76, 2.9. అంటే ఎత్తు ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది, వేగంలో పోయేది దాదాపు ఏమీ లేదు. పైగా 21లో చాలా గేర్లు ఒకదానికొకటి నకళ్ళే: 24/16 అన్నా 42/28 అన్నా ఒకటే. ముందు డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది), దాని కేబుల్, గేరు మార్చే షిఫ్టర్ లేకపోతే ట్యూనింగ్ పని సగానికి తగ్గుతుంది.

అపోహ: వెనక గేర్ల సెట్ ఏదైనా ఒకటే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ఫ్రీవీల్ రకంలో పళ్ళతోపాటు ర్యాచెట్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) మొత్తం హబ్ మీద మర తిప్పి బిగించేలా ఉంటుంది. బేరింగు దానికి లోపలి వైపు ఉండిపోతుంది కాబట్టి, గేర్ల వెడల్పంతా యాక్సిల్ (ఇరుసు) ఆసరా లేకుండా వేలాడుతుంది. బరువైన మనిషి గుంతలో దిగితే అక్కడే వంగుతుంది, కొన్నాళ్ళకు విరుగుతుంది. క్యాసెట్ రకంలో ర్యాచెట్ హబ్‌లోనే ఉంటుంది, పళ్ళచక్రాలు మాత్రమే దానిమీదికి ఎక్కుతాయి. మంచి క్యాసెట్ హబ్‌లో కుడి బేరింగు దాదాపు ఫ్రేమ్ పక్కకు జరుగుతుంది, అందుకే యాక్సిల్ నిలుస్తుంది.

తేడా పట్టడానికి విప్పక్కర్లేదు. గేర్లను వెనక్కి తిప్పి, చిన్న పళ్ళచక్రం మధ్యలోని రింగును చూడండి. గాళ్ళున్న ఆ రింగు పళ్ళతోపాటే తిరిగితే క్యాసెట్, పళ్ళు తిరుగుతూ అది కదలకుండా ఉంటే ఫ్రీవీల్. గేర్ల సంఖ్యను నమ్మకండి, 8, 9 గేర్ల ఫ్రీవీల్స్ కూడా వస్తున్నాయి.

అక్కడే ఉండి స్పోకులను జంటలుగా వేళ్ళతో నొక్కండి. ఒకే వైపు స్పోకుల బిగువు ఇంచుమించు సమానంగా ఉండాలి. కొన్ని వదులుగా ఉంటే చక్రం త్వరగా సొట్టపోతుంది. రిమ్ము డబుల్ వాల్‌దే (రెండు పొరల గోడ ఉన్నదే) అయ్యుండాలి.

అపోహ: డిస్క్ బ్రేకుంటే చాలు.

బురదలో, వానలో డిస్కుదే పైచేయి, రిమ్ము కాస్త వంకరైనా దానికి ఇబ్బంది లేదు. కానీ నాసిరకం కేబుల్ డిస్క్ కన్నా సరిగ్గా బిగించిన వి-బ్రేకు (రిమ్మును రెండు పక్కలా పట్టేది) నయం. కేబుల్ డిస్కుల్లో చాలావాటికి ఒక ప్యాడే కదులుతుంది, రెండోది అరిగినప్పుడల్లా దాన్ని లోపలి వైపు నుంచి అలెన్ కీతో ముందుకు జరపాలి. ఇది తెలియక లీవరు హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కుతూ తిరుగుతుంటారు.

అపోహ: అల్యూమినియం అయితేనే మంచి ఫ్రేమ్.

అల్యూమినియం, ఉక్కు రెండూ మంచివే. లోహం కన్నా సైజు ముఖ్యం. పై గొట్టానికి ఇరువైపులా కాళ్ళు పెట్టి నిలబడితే కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అల్యూమినియం ఫ్రేమ్‌కు డిరైలర్ హ్యాంగర్ (వెనక డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముక్క) విడిగా మార్చుకునేది కాకపోతే వదిలేయండి. సైకిల్ ఒక్కసారి కుడివైపు పడి అది విరిగితే ఫ్రేమే పోతుంది.

అపోహ: కొత్త సైకిల్ బిగించి ఉంటుంది, ఎక్కి తొక్కడమే.

మొదటి కొన్ని రైడ్లలోనే క్రాంక్ బోల్టులు వదులవ్వొచ్చు. క్రాంకులు ఎక్కే యాక్సిల్ కొన చతురస్రాకారంలో ఉన్నవాటికి 35–40 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దాకా బిగించాలి. వదులు క్రాంకుతో కొద్ది కిలోమీటర్లు తొక్కినా ఉక్కు యాక్సిల్ అల్యూమినియం రంధ్రాన్ని గుండ్రంగా అరగదీస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, క్రాంక్ ఆర్మ్ మార్చాల్సిందే. పెడల్స్‌కు 15 ఎంఎం స్పానర్ పడుతుంది. ఎడమ పెడల్‌ది వ్యతిరేక మర, అపసవ్య దిశలో తిప్పితేనే బిగుస్తుంది. తప్పు దిశలో బలవంతంగా ఎక్కిస్తే క్రాంకులో మరలు తెగుతాయి, కాబట్టి మొదటి నాలుగైదు మరలు గ్రీజు రాసి చేత్తోనే ఎక్కించండి.