పన్ను పీకిందెవరో కాదు, ఫిర్యాదు చేసిందెవరు?

డిగ్రీ లేకుండా పళ్లు పీకుతున్నాడని ఒకరిని పోలీసులు పట్టుకుంటారు. కుర్చీ, పట్టకార్లు, కట్టుడు పళ్ల అచ్చులు స్వాధీనం చేసుకుంటారు. చార్జిషీటు పడ్డాక అతను కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేస్తాడు. తనకు డిగ్రీ ఉందని అందులో చెప్పనక్కర్లేదు. కేసు పెట్టాల్సినవాళ్లు పెట్టలేదని చూపిస్తే చాలు.

దీని మూలం 1948 నాటి దంతవైద్యుల చట్టంలో ఉంది. అప్పటికి ఈ పని చేస్తున్నవాళ్లలో చాలామందిది చూసి నేర్చుకున్న విద్యే. వాళ్లను ఒక్కసారిగా రోడ్డున పడేయలేక చట్టం రిజిస్టరును రెండు భాగాలు చేసింది. చదువుకున్నవాళ్లు ‘ఏ’లోకి వెళ్లారు. చదువు లేకున్నా కనీసం ఐదేళ్లుగా అదే ప్రధాన జీవనాధారమైనవాళ్లకు ‘బీ’లో చోటిచ్చారు. అయితే తండ్రి రిజిస్ట్రేషన్ కొడుక్కి రాదు.

రిజిస్టరులో పేరు లేనివాళ్లు వైద్యం చేయకూడదన్నది ఆ చట్టంలోని 49వ సెక్షన్. మొదటిసారి దొరికితే 500 రూపాయల దాకా జరిమానా, అంతే! మళ్లీ దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. ఇందులో ఓ మినహాయింపు కూడా ఉంది. అత్యవసరమై, దగ్గర్లో రిజిస్టరైన డాక్టరు లేకపోతే పన్ను ఎవరైనా పీకొచ్చు, కానీ మత్తు ఇవ్వకూడదు. చదువుతుంటేనే దవడ జివ్వుమంటుంది.

అసలు మెలిక వేరే ఉంది. రాష్ట్ర ప్రభుత్వమో, రాష్ట్ర డెంటల్ కౌన్సిలో ఆదేశించి ఫిర్యాదు చేయిస్తే తప్ప ఈ నేరాలను కోర్టు విచారణకు తీసుకోకూడదు. పోలీసు చార్జిషీటు అక్కడే చిక్కుకుంటుంది. చట్టమే అడ్డుపడే కేసులను కొట్టేయవచ్చని భజన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది.

అందుకే పోలీసులు ఐపీసీలో మోసానికి సంబంధించిన 420 కూడా జోడిస్తారు. దానికి కౌన్సిల్ ఫిర్యాదు అక్కర్లేదు. కానీ అర్హత ఉన్న డాక్టరని నమ్మించి డబ్బు తీసుకున్నాడని చెప్పే రోగి కావాలి. చార్జిషీటులో అలాంటి వాంగ్మూలం ఒక్కటీ లేకపోతే ఆ సెక్షనూ నిలబడటం కష్టం.

2023లో పార్లమెంటు ఈ 1948 చట్టం స్థానంలో జాతీయ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. 2024 జూలై నుంచి 420 స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 318 వచ్చింది. పాత కేసులు మాత్రం పాత సెక్షన్ల మీదే నడుస్తున్నాయి. ఈ కారణంతో కేసు కొట్టేసినా అది వైద్యం చేయడానికి అనుమతి కాదు. కౌన్సిల్ మళ్లీ ఫిర్యాదు చేయొచ్చు. కాకపోతే జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు తీసుకునే గడువు ఆరు నెలలే. క్వాష్ పిటిషన్ తేలేసరికి అది దాటిపోయి ఉండొచ్చు.