పరిణామాన్ని కళ్లారా చూసినవాళ్లున్నారా?

"జీవ పరిణామానికి లక్షల ఏళ్లు, కోట్ల ఏళ్లు పడుతుందంటారు కదా, మరి జరుగుతుంటే చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఒకాయన అడిగారు. ఉన్నారండీ, ఇప్పటికీ రోజూ చూస్తూనే ఉన్నారు. డార్విన్ ఓడ ప్రయాణం, పక్షుల ముక్కులు అందరూ చెప్పేవే కాబట్టి అవి వదిలేసి నాకు ప్రాణమైన ఒక ప్రయోగం గురించి చెప్తాను.

1988 ఫిబ్రవరిలో రిచర్డ్ లెన్స్కీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒకే రకం ఇ. కోలై బ్యాక్టీరియాని 12 ఫ్లాస్కుల్లో వేశాడు. ఇ. కోలై అంటే మన పేగుల్లో కాపురముండేదే. ఒక్కో ఫ్లాస్కులో 10 మిల్లీలీటర్ల ద్రవం, అందులో కొన్ని గంటల్లో అయిపోయేంత కొంచెం గ్లూకోజ్. రోజూ నూరో వంతు తీసి కొత్త ద్రవంలో వెయ్యాలి, అంతే పని. ఆ నూరో వంతు మళ్లీ నూరు వంతులు అవ్వాలంటే ఆరున్నర సార్లకి పైగా రెట్టింపవ్వాలి, అంటే రోజుకి ఆరున్నర తరాలు! ఇక 500 తరాలకోసారి, అంటే 75 రోజులకోసారి, కొన్నిటిని తీసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెడతారు. అవి చావవు, కరిగిస్తే మళ్లీ లేస్తాయి. దానివల్ల ముత్తాతల ముత్తాతల్ని నిద్రలేపి మునిమనవలతో ఒకే ఫ్లాస్కులో పోటీ పెట్టొచ్చు. అలా పెట్టి చూస్తే 50 వేల తరాల తర్వాతివి మొదటివాటికంటే దాదాపు 70 శాతం వేగంగా పెరుగుతున్నాయి.

వీటికి ఎవరూ ఏమీ నేర్పలేదు. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్ఏ కాపీ చేసుకుంటుంది, ఎప్పుడో ఒకసారి కాపీలో తప్పు పడుతుంది, చాలా తప్పులు పనికిరావు, కొన్ని చంపేస్తాయి, ఏ ఒక్కటో కాస్త కలిసొస్తుంది, కలిసొచ్చినదాని పిల్లలు రేపటి నూరో వంతులో ఎక్కువమంది ఉంటారు. జిరాఫీ ఆకుల కోసం మెడ సాగదీసీ సాగదీసీ పొడుగైందని పిల్లలకి ఇంకా చెప్పేవాళ్లున్నారు, దయచేసి మానెయ్యండి, అవసరం ఉందని మార్పు రాదు, వచ్చిన మార్పుల్లో పనికొచ్చేది మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ద్రవంలో గ్లూకోజ్‌తో పాటు సిట్రేట్ అనే పదార్థం కూడా బోలెడంత ఉంటుంది. కానీ ఆక్సిజన్ ఉన్నచోట ఇ. కోలై దాన్ని తినలేదు, ఈ జాతిని గుర్తుపట్టే లక్షణాల్లో అదొకటి. ఎదురుగా భోజనం ఉన్నా 15 ఏళ్లు అన్నీ పస్తులే ఉన్నాయి. 2003లో ఒక ఫ్లాస్కు మాత్రం మిగతావాటికంటే బాగా మసగ్గా, తెల్లగా కనిపించింది. బయటి క్రిములేవైనా పడ్డాయేమో అని పరీక్ష చేస్తే కాదు, పాత వంశమే! సిట్రేట్ తింటోంది! అప్పటికి సుమారు 33 వేల తరాలు, మనిషి తరానికి 25 ఏళ్లు వేసుకుని మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 8 లక్షల ఏళ్లు.

ఎలా జరిగిందో తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది. సిట్రేట్‌ని లోపలికి లాగే ప్రోటీన్ తయారుచేసే జన్యువు ఇ. కోలైలో ముందునుంచే ఉంది, పేరు సిట్-టి. కాకపోతే అది ఆక్సిజన్ లేనప్పుడే పనిచేస్తుంది. కరెంటు పోతేనే వెలిగే ఎమర్జెన్సీ లైటు లాంటిదనుకోండి, కరెంటు ఉన్నంతసేపూ గోడకి ఊరికే వేలాడుతుంటుంది. కాపీ చేసేటప్పుడు పడిన తప్పు వల్ల ఆ లైటున్న గోడముక్క రెండుసార్లు అచ్చయింది, రెండో లైటు పోయి పోయి ఎప్పుడూ కరెంటుండే పక్క లైనుకి తగులుకుంది. పక్క జన్యువుని ఆన్ చేసే ప్రమోటర్, ఆక్సిజన్ ఉన్నప్పుడూ పనిచేసేది, ఇప్పుడు సిట్-టి ముందుకొచ్చి కూర్చుంది. కొత్త లైటు ఎవరూ కనిపెట్టలేదు, వైరు మారింది అంతే. మొదట్లో వెలుతురు గుడ్డిగానే ఉండేది, సిట్రేట్ కొంచెం కొంచెమే తినగలిగేవి. తర్వాతి తరాల్లో ఆ ముక్క ఇంకా కాపీలయింది, లైట్లు పెరిగాయి, అప్పుడుగానీ ఫ్లాస్కు మొత్తం తెల్లబడలేదు.

మరి ఇది ఉత్త అదృష్టమా? లెన్స్కీ విద్యార్థి జాకరీ బ్లౌంట్ ఆ ఫ్లాస్కు పాత తరాల్ని ఫ్రీజర్లోంచి తీసి, వేరే వేరే తరాల దగ్గర్నుంచి చరిత్రని మళ్లీ నడిపించాడు, లక్షల కోట్ల కణాల్ని పరీక్షించాడు. 20 వేల తరాల లోపువాటిలో ఒక్కటి కూడా సిట్రేట్ తినడం మొదలుపెట్టలేదు, ఆ తర్వాతివాటిలో కొన్ని మళ్లీ నేర్చుకున్నాయి. అంటే ఆ వైరు తగులుకోక ముందే ఇంట్లో ఇంకేవో మార్పులు జరిగి ఉండాలి, అవి లేకపోతే లైటు వెలిగినా నిలవదు. ఈ ఫలితం 2008లో అచ్చయింది.

మిగతా 11 ఫ్లాస్కులూ అదే ద్రవంలో, అదే వేడిలో, అదే ముత్తాత నుంచి మొదలయ్యాయి. తర్వాత వేల తరాలు గడిచినా వాటిలో సిట్రేట్ ముట్టుకున్నది ఒక్కటీ లేదు.