మీటరుకు మించిన వ్యాసం ఉన్న బాణసంచా గుండుకు అంత పెద్ద కాగితపు డొప్ప ఎక్కడ దొరుకుతుంది?

జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో, ఒజియా నగరంలో భాగమైన కతకాయ్‌లో ఏటా సెప్టెంబరు 9, 10 తేదీల్లో అసహరా ఆలయ ఉత్సవం జరుగుతుంది. ఆ ఉత్సవానికి పేరు తెచ్చింది యొన్‌షకుదమ అనే బాణసంచా గుండు. దాని వ్యాసం సుమారు 1.2 మీటర్లు, బరువు సుమారు 420 కిలోలు. అది దాదాపు 800 మీటర్ల ఎత్తుకు వెళ్ళి, అంతే వెడల్పున ఆకాశంలో విచ్చుకుంటుంది. చూసేవారి దృష్టి సహజంగానే రంగుల మీద ఉంటుంది. ఆ రంగులను అంత ఎత్తుకు మోసుకెళ్ళి, సరైన క్షణంలో ముక్కలై మాయమయ్యే పైపెంకు గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ గుండులో అన్నిటికన్నా గొప్ప ఇంజనీరింగ్ ఉన్నది ఆ పెంకులోనేనని నా అభిప్రాయం.

మామూలు పరిమాణపు గుండ్లకు పెంకు పెద్ద సమస్య కాదు. ఏడెనిమిది సెంటీమీటర్ల నుంచి ముప్పై సెంటీమీటర్ల దాకా వ్యాసం ఉన్న వాటికి, కాగితపు గుజ్జును అచ్చులో ఒత్తి తయారు చేసిన అర్ధగోళపు డొప్పలు మార్కెట్లో దొరుకుతాయి; రెండిటిని కలిపితే పెంకు అవుతుంది. చైనాలో హునాన్ రాష్ట్రంలోని లియుయాంగ్, దాని ఇరుగుపొరుగు పట్టణాలు ఈ పరిశ్రమకు ప్రపంచంలోనే అతి పెద్ద కేంద్రాలు. పరిమాణం ఒక మీటరు దాటేసరికి ఈ దారి మూసుకుపోతుంది. ఏడాదికి రెండో మూడో అమ్ముడుపోయే డొప్ప కోసం ఎవరూ భారీ అచ్చులు, ఒత్తిడి యంత్రాలు సిద్ధం చేసుకోరు. అందువల్ల ఇంత పెద్ద డొప్పను కొనడం కాదు, పొర మీద పొర అంటించి కట్టుకోవాల్సిందే.

మరి నౌకాశ్రయాల్లో తేలే బోయాల వంటి బోలు గోళాన్నో, ఫైబర్‌గ్లాస్ బంతినో తెచ్చి వాడకూడదా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. ఎందుకు కూడదో తెలియాలంటే, ఆ పెంకు మీద పడే భారం ఎంతో చూడాలి. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కించినా, 800 మీటర్ల ఎత్తుకు చేరాలంటే గుండు, దాన్ని పైకి ప్రయోగించే గొట్టం నుంచి సెకనుకు 125 మీటర్ల వేగంతో, అంటే గంటకు 450 కిలోమీటర్ల వేగంతో బయటికి రావాలి. నిశ్చల స్థితి నుంచి ఆ వేగాన్ని అందుకోవడానికి దానికి గొట్టం పొడవు మాత్రమే దొరుకుతుంది. ఆ దూరం 5 మీటర్లు అనుకుంటే, త్వరణం భూమ్యాకర్షణకు 160 రెట్లవుతుంది. ఆ కొద్ది క్షణం పాటు 420 కిలోల గుండు 67 టన్నుల వస్తువులా ప్రవర్తిస్తుంది. కింద నుంచి తోసే వాయువుల బలమూ, లోపల ఉన్న సరుకు వెనక్కి నొక్కే బలమూ రెండూ ఈ పెంకు మీదే పడతాయి. అది ఒకచోట నలిగినా, అతుకు కాస్త విడినా, నిప్పు లోపలికి చేరి గుండు గొట్టంలోనే పేలిపోతుంది.

ఇంత గట్టిదనం కావాలంటే ఉక్కే మేలు కదా అనిపిస్తుంది. అయితే ఆకాశంలోకి చేరాక పెంకు చేయవలసిన పని పూర్తిగా వేరు. లోపలి మందు అంటుకున్నప్పుడు అది ఒక క్షణం బిగబట్టి నిలవాలి. అప్పుడే నిప్పు గోళమంతా పరచుకుని, పీడనం అన్ని దిక్కులా సమానంగా పెరుగుతుంది. ఆ తరువాత పెంకు అన్నివైపులా ఒకేసారి, చిన్నచిన్న ముక్కలుగా పగలాలి. ముందే పగిలితే, మండుతూ రంగులిచ్చే గుళికలు దగ్గర్లోనే జారిపోతాయి; ఒకవైపు బలహీనంగా ఉంటే అంతా అటే దూసుకుపోయి ఆకారం వంకరపోతుంది. లోహపు పెంకు పగిలితే ఆ ముక్కలు ఫిరంగి గుండు శకలాల వలె ప్రాణాలు తీస్తాయి. ఫైబర్‌గ్లాస్ కూడా పదునైన పెచ్చులుగా చీలి కింద పడుతుంది. గొట్టంలో మొండిగా నిలిచి, ఆకాశంలో మాట విని పగలాలన్న ఈ రెండు పరస్పర విరుద్ధ కోరికలనూ తీర్చే పదార్థంగా మనిషి చేతికి చిక్కింది కాగితమే. శతాబ్దాల అనుభవం తరువాత కూడా దాన్ని మించినది పెద్ద గుండ్లకు దొరకలేదంటే, నాకు కాగితం మీద గౌరవం రెట్టింపవుతుంది.

కాగితంతో గోళం కట్టడంలో ఒక గణిత చిక్కు ఉంది. చదునైన తలాన్ని సాగదీయకుండా, ముడతలు పడకుండా గోళం మీద పరచడం అసాధ్యమని 1827లో జర్మన్ గణితవేత్త గౌస్ చూపిన సిద్ధాంతం నుంచి తేలుతుంది. కాగితం ఒక దిశలో హాయిగా వంగుతుంది గాని, ఒకేచోట రెండు దిశల్లో వంగమంటే ముడత పడుతుంది. ముడత కింద గాలి నిలుస్తుంది, గాలి నిలిచినచోట పొరలు అతుక్కోవు. అందుకే కాగితాన్ని సన్నని పట్టీలుగా కోసి, ఒక పొర ఒక దిశలో, తరువాతి పొర దానికి అడ్డంగా వచ్చేలా అంటిస్తారు. యంత్రం మీద తయారైన కాగితంలో పీచులు ఎక్కువగా ఒకే దిశలో బారులు తీరి ఉంటాయి కాబట్టి, ఇలా దిశలు మార్చడం వల్ల పెంకు బలం అన్నివైపులా సమానమవుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం పెద్ద గోళం చిన్నదానికన్నా సులువైనది: వ్యాసం పెరిగేకొద్దీ ఉపరితలపు వంపు తగ్గుతుంది గనుక మరింత వెడల్పయిన పట్టీలు సరిపోతాయి.

అంటించేది మన గోడల మీద సినిమా పోస్టర్లు అతికించే మైదా జిగురు లాంటి పిండి జిగురే. చిన్న గుండ్లనయితే జపాన్ పనివారు పలక కింద పెట్టి దొర్లించి, పొరల మధ్య గాలినీ మిగులు జిగురునూ బయటికి నెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ అంటిస్తారు. గోడ మందమంతా ఒక్కసారే కట్టేసి ఆరనివ్వడం కుదరదు. మందం నాలుగు రెట్లయితే, లోపలి తడి బయటికి రావడానికి సుమారు పదహారు రెట్ల కాలం పడుతుంది. లోపల చిక్కిన తడి జిగురు పట్టునూ చెరుపుతుంది, లోపలి సరుకునూ పాడుచేస్తుంది. కాబట్టి కొన్ని పొరలు వేయడం, ఆరనివ్వడం, మళ్ళీ వేయడం తప్ప అడ్డదారి లేదు.

కాగితం ఎంపికకూ అంతే ప్రాధాన్యం ఉంది. పూర్వం జపాన్‌లో కోజో చెట్టు బెరడు నుంచి చేసిన చేతి కాగితాన్ని వాడేవారు. దాని పీచు సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటుంది, మెత్తని కలపనిచ్చే పైన్ వంటి చెట్ల పీచుకు ఇది దాదాపు మూడు రెట్లు. 1879లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ డాల్ కనిపెట్టిన, కలప నుంచి గుజ్జు తీసే పద్ధతితో వచ్చిన గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం తరువాతి కాలంలో ఆ స్థానంలోకి వచ్చింది.

ఇటలీ, మాల్టా పనివారు గోళపు చిక్కును మరో విధంగా దాటారు. వారి సంప్రదాయ గుండ్లు స్థూపాకారంలో ఉంటాయి. చదునైన కాగితం స్తంభం చుట్టూ ముడత లేకుండా తిరుగుతుంది. అయితే స్థూపం గోడ మీద చుట్టుకొలత దిశలో పడే లాగుడు పొడవు దిశలో పడేదానికి రెట్టింపు. అందుకే వారు పైన బలమైన పురికొసతో వల అల్లినట్టు బిగించి కడతారు.

గోళానికి మళ్ళీ వస్తే, పరిమాణం పెంచినప్పుడు లెక్క ఎలా మారుతుందో గమనించదగినది. ఒకే లోపలి పీడనాన్ని ఆపాలంటే గోడ మందం వ్యాసార్ధంతో పాటు పెరగాలి. 30 సెంటీమీటర్ల గుండు నుంచి 120 సెంటీమీటర్ల గుండుకు వెళితే ఉపరితలం 16 రెట్లు, మందం 4 రెట్లు, మొత్తం కాగితం 64 రెట్లు అవుతుంది. 2014లో జపాన్‌లోనే కోనోసులో సుమారు 465 కిలోల గుండు ప్రపంచంలోనే అతి పెద్దదిగా రికార్డు సాధించింది. 2018 నూతన సంవత్సర వేళ యూఏఈలోని అల్ మర్జాన్ ద్వీపంలో 1,087 కిలోల గుండు దాన్ని దాటింది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ వద్ద 62 అంగుళాల వ్యాసం, సుమారు 1,270 కిలోల బరువు ఉన్న గుండు ఎగిరింది. అంతకు ముందటి ఏడాది అదే బృందం చేసిన ప్రయత్నంలో గుండు గొట్టం దాటకుండానే పేలిపోయింది.

చిన్న గుండ్లకు ఇప్పుడు ప్లాస్టిక్ డొప్పలు విరివిగా వాడుతున్నారు. అవి చవక, తేమకు చెడవు, ఒకదానికొకటి తేడా లేకుండా వస్తాయి. కాని వాటి ముక్కలు చెరువుల్లో, సముద్రతీరాల్లో ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి. ఈ మార్పు వెనక్కి మళ్ళాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కాగితపు పెంకులో కొంత ఆకాశంలోనే కాలిపోతుంది. మిగిలిన చిరుగులు గాలివాటుకు కింద పడతాయి కాబట్టి మైదానాన్ని మరునాడు ఊడ్చక తప్పదు, కానీ ఊడ్వగా మిగిలినది వానకు నాని మట్టిలో కలిసిపోతుంది.