బండి కట్టేదెవరు?

అమ్మలూ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "తాతయ్యా, లైసోజోమ్ కణంలో చెత్త అరిగించే సంచి అని బుక్కులో ఉంది. అది ఒకచోటే కూర్చుంటుందా, తిరుగుతుందా?" అని. తిరుగుతుంది తల్లీ. అయితే దాన్ని చెత్తబండి అనకు, పెంటబండి అను. మా చిన్నప్పుడు ఏరువాకకు ముందు పెంటకుప్ప తవ్వి చేలకు తోలేవాళ్ళం. కుళ్ళిందే పైరుకు బలం. లైసోజోమూ అంతే, పాడైన ప్రోటీన్లను అరగదీసి ఆ ముక్కల్ని మళ్ళీ కణానికే ఇస్తుంది.

బండి తనంతట తాను కదలదుగా. కణంలో సూక్ష్మనాళికలనే బాటలున్నాయి. కైనెసిన్ అనే ప్రోటీనే ఒక ఎద్దు, అది అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున నడుస్తూ బండిని కణం అంచుకు లాగుతుంది. డైనీన్ అనేది ఇంటివైపు, అంటే కేంద్రకం దగ్గరకు లాగుతుంది. ఈ ఎడ్లను బండికి కట్టే పాలేర్లే చిన్న జీటీపేజ్ ప్రోటీన్లు. ఏఆర్ఎల్8 ఎక్కువగా కైనెసిన్‌ను కడతాడు, రాబ్7 ఎక్కువగా డైనీన్‌ను. రాబ్7 చేతిలోని పలుపు పేరు ఆర్ఐఎల్‌పీ.

పాలేరు పట్టంతా అతనికి అంటుకునే జీటీపీ అనే చిన్న అణువులో ఉంది. దానికి మూడు ఫాస్ఫేట్లు, మూడు ముళ్ళనుకో. ఒకటి ఊడితే జీడీపీ అవుతుంది, పట్టు వదిలేస్తాడు. మళ్ళీ కొత్త జీటీపీ అందితే లేచొస్తాడు.

ముడి అంటే గుర్తొచ్చింది. పదేళ్ళప్పుడు నేనే బండి కడతానని మారాం చేసి ఎలపట ఎద్దుకు జారుముడి వేశాను. చెరువుగట్టు దిగుతుంటే ఎద్దు తప్పుకుంది, కాడి ఒరిగింది, పెంటంతా నా నెత్తిన. నాన్న తిట్టలేదు. ఆ సాయంత్రం గుంజకు ఇరవైసార్లు ముడి వేయించాడు. చిన్న పనే కదా అని తేలిగ్గా తీసుకోకూడదమ్మా.

నా ఎడ్లు రెండూ ఒకవైపే లాగేవి, కణంలోవి ఎదురెదురు. పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది, సర్దుకో. ఇంకో వింత విను. కణానికి తిండి దొరికినప్పుడు లైసోజోములు అంచులకు చేరతాయి. ఆకలేస్తే చాలావరకు కేంద్రకం చుట్టూ గుమిగూడతాయి. కరువు రోజుల్లో బళ్ళన్నీ ఊళ్ళోకి చేరినట్టే. ఆకలి కబురు పాలేరుకు ఎలా అందుతుందో చెప్పాలంటే ఈ కాగితం చాలదు.

బడి మైక్రోస్కోపు కింద హైడ్రిల్లా ఆకు పెట్టి చూడు. అందులో తిరిగే పచ్చచుక్కలు లైసోజోములు కావు, హరితరేణువులు. వాటి బాటలు వేరు, ఎడ్లూ వేరు. అయినా కన్ను తీయకుండా ఐదు నిమిషాలు చూసి, రాత్రికి ఫోన్ చెయ్యి.

నీ తాతయ్య